టిఫిన్ గిన్నెలో తాత చేను

ఇప్పుడంటే పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా రోడ్డు పొడుగునా ‘వెల్‌నెస్’ అని రాసిన బోర్డులు కనిపిస్తున్నాయి గాని, ఆ రోజుల్లో మా వైపు మనిషికి ఒంట్లో బాగాలేకపోతే ఉన్నవి రెండే దారులు. ఒకటి, ఆర్ఎంపీ డాక్టరు దగ్గరికి పోయి సూది వేయించుకోవడం. రెండోది, ఆ సూది పనిచేయకపోతే ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారికి ముడుపు కట్టడం. (మా మేనత్త రెండూ ఒకే రోజు చేసేది. ఎవరి వల్ల నయమైందో తేలకపోతేనే మంచిదని, అప్పుడు ఇద్దరిలో ఎవరూ నొచ్చుకోరని ఆమె లెక్క.) మూడో దారి ఒకటుందని, ఆ దారిన పోయిన మనిషి కడుపు మీద మట్టి పరుచుకుని వెల్లకిలా పడుకుంటాడని నాకు తెలిసింది ఫ్యాక్టరీలో చేరిన తర్వాతే. ఇవాళ తలుచుకుంటే నవ్వొస్తుంది. నవ్వి ఊరుకుందామంటే కుదరదు, ఆ వెంటనే ఆ తడిమట్టి వాసన మీదికి, ఆ మనుషుల మీదికి మనసు పోతుంది.

మా ఊరు గడ్డపోతారానికి దగ్గర్లోనే. ఊరంటే ఇళ్లున్నాయి, వీధులున్నాయి, లేనివల్లా చేలే. నేను హైస్కూల్లో ఉండగానే మా తాత చేను చుట్టూ గోడ లేచింది, గోడ లోపల మందుల ఫ్యాక్టరీ లేచింది. నేను కెమిస్ట్రీ చదువు ముగించి వచ్చేసరికి, భూమి ఇచ్చిన ఇంటి పిల్లవాణ్ణని, ఆ ఫ్యాక్టరీలోనే క్వాలిటీ కంట్రోల్‌లో ఉద్యోగం ఇచ్చారు. తాత జొన్నలు పండించిన చోట నేను తెల్లకోటు తొడుక్కుని, తయారైన మందు పొడి మంచిదో కాదో పరీక్షించి సంతకం పెట్టేవాణ్ణి. తాత బతికుంటే “ఇత్తనం ఎయ్యకుండనే పంట తీస్తున్నవ్ రా” అని మెచ్చుకునేవాడో, తిట్టేవాడో చెప్పలేను.

మేం తయారుచేసేది కడుపులో మంటకు వాడే మందు. చేరిన ఏడాదికల్లా నాకు కడుపులో మంట పట్టుకుంది. ఒక వారం పొద్దున షిఫ్టు, ఒక వారం మధ్యాహ్నం షిఫ్టు, మధ్యలో క్యాంటీన్ మిర్చి బజ్జీలు, లెక్కలేనన్ని చాయ్‌లు, ఇన్ని చేతులు కలిస్తే మండకేం చేస్తుంది. సంగారెడ్డిలో పెద్ద డాక్టరు గొంతులోకి గొట్టం వేసి చూసి, భయపడాల్సిందేమీ లేదు, వేళకు తిను, ఈ గోళీలు వాడు అన్నాడు. చీటీ చూస్తే అది మా మందే. మెడికల్ షాపువాడు గోళీలు చేతిలో పెడుతుంటే నేను పరీక్షించిన పొడిని నేనే కొనుక్కుంటున్నట్టు సిగ్గేసింది. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. మా పెరట్లో ఏకంగా ఫ్యాక్టరీయే ఉన్నా నా గతి అంతే అయింది. గోళీ వేసుకుంటే తగ్గేది, మానితే మళ్లీ మొదలయ్యేది.

అప్పుడు మా బాయిలర్ దగ్గర పనిచేసే ఒడిశా భయ్యా నన్ను చూసి జాలిపడ్డాడు. “కెమిస్ట్ బాబూ, ఏక్ టీచరమ్మ హై. గోలీ నహీ, సూయీ నహీ. మిట్టీ!” అన్నాడు. మిట్టీ అనేటప్పుడు కళ్లు మూసుకుని తన కడుపు మీద చెయ్యి రాసుకున్నాడు. కడుపు నిండా భోంచేసిన మనిషి ముఖం పెట్టాడు. ఆ ముఖం చూసి నేను ఆదివారం అతని వెంట పడ్డాను.

టీచరమ్మ సర్కారు బళ్లో పనిచేసి రిటైరైన మనిషి. ఫ్యాక్టరీ నుంచి బస్సులో అరగంట పోతే, చర్చి వెనక సందులో ఆమె పెంకుటిల్లు. ఉద్యోగం అయిపోయాక ఇంట్లో కూర్చోలేక, ఎక్కడికో పోయి ప్రకృతి వైద్యం చదువుకుని సర్టిఫికెట్ తెచ్చుకుని, ఇంటి ముందు రేకుల షెడ్డు వేయించి, అందులో నాలుగు చెక్క బల్లలు వేసింది. వైద్యం నేర్చుకుంది గాని బడి మాత్రం వదల్లేదు. పేషెంట్లు వరసగా కూర్చోవాలి, మాట్లాడాలంటే చెయ్యెత్తాలి. ఫ్యాక్టరీ సూపర్‌వైజర్లు, లారీ ఓనర్లు, పొలాలున్న ఆసాములు, అందరూ ఆమె ముందు నిక్కర్లేసుకున్న పిల్లలే. ఎవరినైనా “నువ్వు” అనే పిలిచేది. లంఖణం పరమౌషధం అన్నది ఆమె జపమంత్రం. (శుక్రవారం చర్చిలో ఉపవాస ప్రార్థన ఉండేది. ఆ రోజు పేషెంట్లందరినీ తనతో పాటే పస్తు పెట్టేది. అటు ప్రార్థనా అయ్యేది, ఇటు వైద్యమూ అయ్యేది.)

“పెద్ద డాక్టరుకు చూపెట్టుకున్నవా? కాయితాలేవి? అవి చూడంది నేను ముట్టుకోను,” అంది ముందుగా. కాగితాలు చదివింది. గోళీలు మానమంటారా అని అడిగితే గయ్‌మంది. “నేనెప్పుడన్న చెప్పిన్నా బంద్ చెయ్యమని? డాక్టరు ఇచ్చినయి డాక్టరు చెప్పినన్ని దినాలు ఏసుకో. నాకాడ నేర్సుకునేది వేరే ఉంది.” తర్వాత నాలుక చూసింది, కడుపు నొక్కి చూసింది. అంతా అయ్యాక బల్ల మీద కూర్చోబెట్టి అడిగింది.

“అన్నం ఎవరితోని తింటవ్?”

“క్యాంటీన్లో, టీచరమ్మా.”

“ఎవరితోని అని అడిగిన. ఏడ అని అడగలే.”

ఇంట్లో అమ్మ ముందే తినేసేది, నా షిఫ్టు వేళలు ఆమె వేళలకు కుదరవు. క్యాంటీన్లో ఎవరి గిన్నె వాళ్లది, ఎవరి తొందర వాళ్లది. “తినుకుంట ఏం చూస్తవ్?” అంది. “గడియారం,” అన్నాను. ఆమె నవ్వలేదు. “ఆకలైతదని తింటవా, గంట కొట్టిండ్రని తింటవా? లాస్టుకు ఎప్పుడు నవ్వినవ్?” అని వరసగా అడుగుతూ పోయింది. ఇన్నేళ్లలో నన్ను ఎందరో డాక్టర్లు చూశారు, మంచివాళ్లు, తెలివైనవాళ్లు. ఎవరితో తింటావని అడిగింది మాత్రం ఆమె ఒక్కతే. ఇప్పుడెవరైనా అడిగితే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో.

ఇక నా అవస్థలు మొదలయ్యాయి. అన్నం నోట్లో గంజి అయ్యేదాకా నమలాలన్నది మొదటి పాఠం. నేను క్యాంటీన్లో ఒక ముద్ద పెట్టుకుని నెమరు వేస్తుంటే చుట్టూ ఉన్నవాళ్లు తినేసి, చేతులు కడుక్కుని, చాయ్ తాగి, వచ్చి నన్ను చూస్తూ నిలబడేవాళ్లు. బూడిద గుమ్మడికాయ రసం సీసాలో పోసుకుని పోతే మా ల్యాబ్‌లో ఎవరో అది శాంపిల్ అనుకుని చీటీ అంటించారు. రెండో పాఠం తడిగుడ్డ. చల్లటి నీళ్లలో ముంచి పిండిన గుడ్డను కడుపుకు చుట్టుకుని, దాని మీద ఉన్ని గుడ్డ చుట్టుకుని, దాని మీద చొక్కా, దాని మీద తెల్లకోటు. సరిగా పిండడం చేతకాక, పని మధ్యలో కోటు ముందుభాగం అంతా తడిసిపోయేది. మా పై అధికారిని మేం రూల్సు సార్ అనేవాళ్లం. గోదావరి వైపు మనిషి, రూలు చెప్పందే తుమ్మడు కూడా. ఆయన నా కోటు వంక ఒక చూపు, నా ముఖం వంక ఒక చూపు చూసి, “ఏవయ్యా, బాత్రూముకి వెళ్లడానికి పర్మిషన్ అక్కర్లేదు, తెలుసుగా?” అన్నాడు.

ఇవన్నీ దాటితేగాని మూడో పాఠానికి పోలేం. అదే మట్టి. ఫ్యాక్టరీల చుట్టుపక్కల మట్టిని టీచరమ్మ నమ్మేది కాదు. అందుకని ఎవరి మట్టి వాళ్లే సొంతూరి నుంచి తెచ్చుకోవాలన్నది ఆమె షరతు. మోకాలి లోతు తవ్వి తీసిన నల్లరేగడి కావాలి, రసాయనం తగలని చోటిదై ఉండాలి. ఆ షరతు కాస్తా అక్కడ ఆచారమైపోయింది. షెడ్డు గోడ పొడుగునా రంగుల డబ్బాల్లాంటి ప్లాస్టిక్ బకెట్లు, ఒక్కొక్క దానిలో ఒక్కొక్క ఊరి మట్టి, నీళ్లు పోసి నానబెట్టి ఉండేది. టీచరమ్మ సాయంత్రం వచ్చి ఒక్కో బకెట్ మూత తీసి, వంగి వాసన చూసి, హాజరు పిలిచేది. మనుషుల పేర్లు కాదు, ఊళ్ల పేర్లు.

“హత్నూర!”

“ఉన్న టీచర్!” అని లేచి నిలబడేవాడు హత్నూర పటేల్. అరవై దాటిన ఆసామి, మోకాళ్ల నొప్పులు, తెల్లటి తలపాగా. తన మట్టంత మట్టి భూమండలం మీద లేదని ఆయన నమ్మకం. “మా మట్టిల నువ్వు కట్టె పాతినా చిగురేస్తది,” అనేవాడు. ఎవరైనా తమ మట్టి తక్కువైంది, ఒక గుప్పెడు ఇమ్మంటే బకెట్ మూత మీద కూర్చునేవాడు. ఒడిశా భయ్యా ఏడాదికోసారి ఊరికి పోయి, రైల్లో సంచెడు మట్టి మోసుకొచ్చేవాడు. అతని ఊరి పేరు మాకెవరికీ నోరు తిరగదు. టీచరమ్మ మాత్రం ఒక్క అక్షరం పొల్లుపోకుండా పిలిచేది. ఆ పిలుపు విన్నప్పుడు అతను చేతులు రెండూ చొక్కాకు తుడుచుకుని మరీ లేచేవాడు.

నేను వెనక బల్ల మీద కూర్చుని హాజరంతా వినేవాణ్ణి. మా ఊరు ఆ హాజరులో ఉండేది కాదు. మిగతావాళ్లు వరసగా పడుకుని, చల్లటి మట్టి కింద కళ్లు మూసుకుని, ఎవరి ఊళ్లోకి వాళ్లు పోయినట్టు నిద్రపోయేవాళ్లు. బస్సెక్కితే అరగంటలో నేను పుట్టిన ఊరు. అయినా ఆ షెడ్డులో ఊరు లేనివాణ్ణి నేనొక్కణ్ణే. కడుపు మంట కంటే ఆ మంటే ఎక్కువగా ఉండేది. ఒక్కసారి మా ఊరి పేరు పిలిస్తే లేచి “ఉన్న టీచర్” అనాలని, ఆ మాట బస్సులో పెదాలు కదలకుండా అనుకుంటూ పోయేవాణ్ణి. పాతికేళ్లవాణ్ణి, ఎమ్మెస్సీ చదివినవాణ్ణి.

ఒకనాడు మా బాపును అడిగాను. “మన మట్టి ఏడ దొరుకుతది బాపూ?”

“నువ్వు దినాం పోయే కాడనే ఉంది గదరా,” అన్నాడు ఆయన. “దక్షిణం దిక్కు గోడ పొంటి చెట్లు పెట్టిండ్రు సూడు, బాయి పూడ్చిన మూల. ఆడ ఏం కట్టలే. గట్టి రేగడి. మా అయ్య గా మట్టి నాలుక మీద ఏసుకోని చెప్పెటోడు, ఈ యాడాది ఏం పెట్టాల్నో,” అన్నాడు. ఆ తర్వాత ఎందుకని అడగలేదు.

మర్నాడు భోజనాల వేళ మా గార్డెన్ మాలీ దగ్గర గడ్డపార అడిగి తీసుకుని ఆ మూలకు పోయాను. పైన వేసిన ఎర్రమన్ను పక్కకు లాగితే కింద నల్లగా, జిగటగా, తాత నల్లరేగడి బయటపడింది. అంతకుముందు నేను దాన్ని ముట్టుకున్నది చిన్నప్పుడు, తాత భుజం మీంచి దిగి చేలో పరుగెత్తినప్పుడు. మోకాలి లోతు తవ్వి తీశాను. వాసన చూశాను. రోజంతా ల్యాబ్ వాసనల్లో ఉండే ముక్కుకు ఏం తెలుస్తుంది, మంచి వాసనే అనిపించింది, అనిపించాలని నేను ఎంతగా కోరుకున్నానో దేవుడికెరుక. తీసుకుపోవడానికి వేరే ఏమీ లేక, నా మూడు గిన్నెల టిఫిన్ కడిగి, మూడింటిలోనూ మట్టి అదిమి కూరి, పైన పిడి బిగించాను.

మందు ఫ్యాక్టరీలో పనిచేయనివాళ్లకు ఇందులో తప్పేముందో అర్థం కాకపోవచ్చు. మా దగ్గర తయారయ్యే పొడి గుప్పెడంటే గుప్పెడు ఖరీదైనది. టిఫిన్ గిన్నెల్లో, ఛత్రీ మడతల్లో దాన్ని దాటించినవాళ్ల కథలు మా ఏరియా అంతా చెప్పుకునేవాళ్లు. అందుకని గేటు దగ్గర సుబేదార్ సాబ్ అని మిలిటరీ నుంచి వచ్చిన సెక్యూరిటీ ఆయన ఒకడు మీసాలతో నిలబడి, పోయే ప్రతివాడి గిన్నె మూత తీయించి చూసేవాడు. అంత తెలివిగలవాణ్ణి, ఆ సంగతే మరిచిపోయాను.

“ఖోలో,” అన్నాడు సుబేదార్ సాబ్. తెరిచాను. మొదటి గిన్నెలో మట్టి. ఆయన రెండోది తెరిపించాడు. మట్టి. మూడోది తెరిచేటప్పుడు కనీసం అందులోనైనా పచ్చడి ఉంటుందని ఆశపడ్డట్టు చూశాడు.

“ఏంది ఇది?”

“మట్టి, సాబ్.”

“అది నాకు కండ్లకు కనిపిస్తుంది. అన్నం డబ్బాల మట్టి ఎందుకు?”

“కడుపు మీద పెట్టుకోవడానికి, సాబ్.”

నా వెనక బస్సు కోసం తొందరపడుతున్న జనమంతా తొందర మానేసి దగ్గరికొచ్చారు. సుబేదార్ సాబ్ మట్టిలో వేలు పెట్టి కెలికాడు. “లోపల ఏం దాచినవ్?” అన్నాడు. ఏమీ లేదన్నాను. “ఏం లేకుంటే మట్టి ఎవడు దొంగతనం చేస్తడు? దునియాల మట్టి దొరకదా?” అన్నాడు. దానికి నా దగ్గర జవాబుంది, అది మా తాత మట్టి అని. అంతమందిలో ఆ మాట అనకుండా, గిన్నెల మూతలు ఒక్కొక్కటే పెట్టాను. ఆయన మూడు గిన్నెలకూ తాడు చుట్టి, లక్క కరిగించి ముద్ర వేసి, పొద్దున్నే పరీక్షకు పంపిస్తానన్నాడు. అందులో మా పొడి జాడ కనిపిస్తే నా ఉద్యోగం పోయినట్టే. ఆ రోజు ఇంటికి పోయి అన్నం నమలడం కూడా మరిచిపోయి గుటుక్కున మింగాను.

పొద్దున లక్కముద్రల టిఫిన్ మా ల్యాబ్ టేబుల్ మీదికి వచ్చింది. ఆ షిఫ్టులో వచ్చిన శాంపిల్ ఆ షిఫ్టు కెమిస్టే పరీక్షించాలన్నది రూలు. ఆ షిఫ్టు కెమిస్టును నేను. దొంగ చేతికి తాళాలిచ్చినట్టవుతుందని ఎవరో గొణిగితే, రూల్సు సార్ నొచ్చుకున్నాడు. “రూలు రూలే. నేను పక్కన నిలబడి చూస్తాను. ఏవయ్యా, నీ మట్టి నువ్వే లోడ్ చెయ్యి,” అన్నాడు. తెలియని పదార్థం వస్తే రెండు యంత్రాల్లోనూ పెట్టి చూడాలి. మొదటి యంత్రం మా మందు ఉందో లేదో చెబుతుంది. రెండోది ద్రావకాల్లాంటివి ఉంటే చెబుతుంది. యంత్రం ఒక గీత గీసుకుంటూ పోతుంది, ఏదైనా ఉంటే ఆ గీత కొండలా లేస్తుంది. మొదటి దానిలో గీత చివరిదాకా చదునుగా పోయింది. నా ఉద్యోగం నాకు దక్కింది. రూల్సు సార్ నా వీపు మీద తట్టాడు కూడా.

రెండో యంత్రంలో గీత లేవడం మొదలుపెట్టింది. పెద్ద కొండలు కావు, చిన్న చిన్న గుట్టలు. ఏ గుట్ట ఏ ద్రావకందో కాగితం చూడక్కర్లేకుండా నాకు తెలుసు, రోజూ చూసే చుట్టాలే. ఎన్నేళ్లుగా భూమిలోకి దిగి అక్కడ చేరాయో. “మన ప్రోడక్ట్ లేదు. వాళ్లడిగింది అదే. మిగతాది మనల్ని ఎవరడిగారు?” అని రూల్సు సార్, ఆ గుట్టల మాట లేని రిపోర్టు మీద నా చేత సంతకం పెట్టించి, కింద తానూ చేసి పోయాడు. నేను ఆ గుట్టల ముందు చాలాసేపు కూర్చున్నాను. ఎవరో మా ఇంటి పెద్దమనిషి రోగం కాగితాలు నా చేతిలో పెట్టినట్టయింది. దుఃఖమొచ్చింది, ల్యాబ్‌లో కళ్లద్దాలు పెట్టుకోవాలన్న రూలు ఆ పూట నన్ను కాపాడింది.

సాయంత్రం సుబేదార్ సాబ్ టిఫిన్ తిరిగి ఇచ్చాడు. ఊరికే ఇస్తే రూలు ఒప్పుకోదు కదా, సరుకు బయటికి పోవడానికి గేట్ పాస్ రాశారు. ‘మట్టి, మూడు గిన్నెలు, తిరిగి తేనవసరం లేదు’ అని. మా ఫ్యాక్టరీ చరిత్రలో మట్టికి పాస్ పుట్టడం అదే మొదలని ఆయన మీసాల్లో నవ్వుకున్నాడు.

బస్సులో గిన్నెలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పారబోసి ఇంటికి పోవచ్చు. పారబోయలేదు. యంత్రాలు అప్పుడప్పుడూ తప్పు చూపిస్తాయి, అంతకుముందు పెట్టిన శాంపిల్ మిగిలిపోయి ఉండొచ్చు, అని నాకు నేనే చెప్పుకున్నాను. టీచరమ్మ వంగి వాసన చూసి “బాగుంది బిడ్డా” అందంటే, యంత్రం సంగతి నేనెవరికీ చెప్పను. అంత చదివినవాణ్ణి, నా చదువు ఓడిపోవాలని ఆ అరగంటా మొక్కుకుంటూ పోయాను.

షెడ్డులో అందరూ వచ్చేశారు. నా చేతిలో గిన్నెలు చూసి ఒడిశా భయ్యా “అరే, ఆగయా మిట్టీ!” అని అరిచాడు. పటేల్ తలపాగా సర్దుకుని, మా మట్టిని చూసి పెదవి విరవడానికి సిద్ధంగా ముందుకొచ్చాడు. టీచరమ్మ ముక్కుకు చీర కొంగు అడ్డం పెట్టుకుని లోపల్నుంచి వచ్చింది. గిన్నె ఎత్తుకుని వాసన చూసింది. మళ్లీ చూసింది. ముఖంలో ఏమీ లేదు. మూడోసారి వంగేసరికి షెడ్డు రేకులు అదిరేటట్టు తుమ్మింది. ఒకటి కాదు, వరసగా. అప్పుడు తెలిసింది మా అందరికీ, టీచరమ్మకు జలుబు. ఊరందరి జలుబులకూ లంఖణం రాసే మనిషి కళ్లు ఎర్రగా, ముక్కు ఎర్రగా నిలబడి ఉంది. ఎవరో కిసుక్కుమన్నారు. “ఎవర్రా నవ్వేది? ప్రకృతి వైద్యులకు ముక్కులుండయా?” అని కసిరి, ఆమె నా వైపు తిరిగింది.

“నాకు ఇయ్యాల వాసన తెలుస్తలేదు బిడ్డా. నువ్వు గదే పనిల ఉన్నవ్ గద. నువ్వే చెప్పు. మట్టి బాగుందా?”

ఆమెకు ఏమీ తెలియదు, లక్క ముద్రలు గాని, యంత్రాలు గాని. నిజంగానే అడిగింది. అందరూ నా నోటి వంకే చూస్తున్నారు. ఔను అంటే చాలు. గోడ పక్కన నా బకెట్ ఉంటుంది, రేపటి నుంచి హాజరులో మా ఊరి పేరు ఉంటుంది. నోరు తెరిచాను. పొద్దున తాత చేను మీద చేసిన సంతకమే గుర్తుకొచ్చింది, ఇంకొక అబద్ధం మళ్లీ దాని మీదే పెట్టబుద్ధి కాలేదు.

“బాగలేదు టీచరమ్మా,” అన్నాను. “మా తాత చేనుది. మంచిది కాదు. కరాబయింది.”

టీచరమ్మ గిన్నె మూత మెల్లగా పెట్టింది, పసిపిల్ల మీద దుప్పటి కప్పినట్టు. “చేతులు కడుక్కో. పండు ఇక్కడ,” అని ముందు బల్ల చూపించింది. నేను పడుకున్నాను. అప్పుడు హత్నూర పటేల్, గుప్పెడు మట్టికి మూత మీద కూర్చునే మనిషి, మోకాళ్లు పట్టుకుని లేచి, తన బకెట్ ఈడ్చుకొచ్చాడు. “మా దాంట్ల నుంచి ఏయుండ్రి టీచరమ్మ. జెర ఎక్కువనే ఏయుండ్రి, పోరనిది పెద్ద పొట్ట. ఇయ్యాల్టికి నువ్వు మా ఊరోనివి రా పిల్లగా,” అన్నాడు. ఒడిశా భయ్యా ఊరుకుంటాడా, రైలెక్కి వచ్చిన తన మట్టి కూడా దోసెడు తెచ్చాడు. ఎడమ వైపు హత్నూర, కుడి వైపు ఒడిశా, మధ్యలో నా బొడ్డు. ఎవరి మట్టి ముందు ఆరిపోతుందో చూడాలని పటేల్ నా పక్కనే కాపలా కూర్చున్నాడు. చల్లగా ఉంది. కళ్లు మూసుకున్నాను, చెవుల్లోకి నీళ్లు కారితే తుడుచుకోవడానికి చేతులు కదపొద్దని టీచరమ్మ రూలు.

హాజరు మొదలైంది. ఒక్కో ఊరూ పిలిచింది, తుమ్ములతో సహా. ఒక్కో మనిషీ లేచి చెప్పాడు. అన్నీ అయిపోయాక ఆమె ఒక్క క్షణం ఆగి, మా ఊరి పేరు పిలిచింది. బస్సులో అన్నిసార్లు అనుకున్న మాట, తీరా వేళకు గొంతులోనే ఉండిపోయింది. టీచరమ్మ మళ్లీ పిలిచింది. నా తల దగ్గర పటేల్ లేచి నిలబడి, “ఉన్నడు టీచర్, పండుకోని ఉన్నడు,” అన్నాడు.

నా కడుపు మంట ఆ చలికాలం దాటేసరికి తగ్గిపోయింది. మట్టి వల్లనా, గోళీల వల్లనా, మిర్చి బజ్జీలు మానడం వల్లనా, ఒడిశా భయ్యాతో కలిసి ఒకే బల్ల మీద నవ్వుకుంటూ అన్నం తినడం మొదలుపెట్టడం వల్లనా, ఇప్పటికీ తేల్చలేను. పటేల్‌కు మాత్రం అనుమానం లేదు, పోయేదాకా అందరికీ నన్ను చూపించి హత్నూర మట్టి మహిమ చెప్పుకున్నాడు. టీచరమ్మ కూడా పోయింది. రేకుల షెడ్డు లేదు. మొన్న మా ఆవిడ బలవంతం మీద ఒక వెల్‌నెస్ సెంటరుకు పోతే, తెల్ల యూనిఫాం అమ్మాయి మట్టి ప్యాకెట్ కత్తిరించి కడుపు మీద పిండింది. ఇది ఏ ఊరి మట్టమ్మా అని అడిగాను. ప్యాకెట్ తిప్పి చూసి, “బ్యాచ్ నంబర్ ఉంది సార్, చెప్పమంటారా?” అంది. మంచి పిల్ల, ఆమె తప్పేముంది. నాకే ఆ రేకుల కింద ఎవరైనా మా ఊరి పేరు పిలిస్తే వినాలనిపించింది.

ఆ గిన్నెల్లో మట్టిని మర్నాడే ఫ్యాక్టరీకి తీసుకుపోయి, తీసిన గుంతలోనే తిరిగి పోశాను. లోపలికి తేవడానికి కూడా పాస్ కావాలని సుబేదార్ సాబ్ నోటిదాకా వచ్చింది గాని, నా ముఖం చూసి గేటు తీశాడు. గుంత నిండలేదు, కొంచెం వెలితి పడింది. కారణం తర్వాత గుర్తొచ్చింది. పరీక్షించిన ప్రతి సరుకులోనూ కొంత సీసాలో పోసి, చీటీ అంటించి, ఎక్స్‌పైరీ తేదీ దాటేదాకా అలమరలో దాచాలన్నది రూల్సు సార్ రూలు. ఆ రోజు నేనే దాచాను. మట్టికి ఎక్స్‌పైరీ తేదీ ఏం వేయాలో తెలియక ఆ చోటు ఖాళీగా వదిలేశాను. తేదీ లేని సీసాను పారేయడానికి ఏ రూలూ లేదు. ఇప్పుడు నేను వేరే కంపెనీలో ఉన్నాను. ఈ మధ్య ఆ ల్యాబ్‌లో పనిచేసే కుర్రవాడొకడు పరిచయమైతే, ఊరికే అడిగినట్టు అడిగాను. ఫోన్లో అలమర తలుపు చప్పుడైంది. “ఉంది సార్. మట్టి అని రాసుంది. పారేయమంటారా?” అన్నాడు. వద్దని నేను అరిచిన అరుపుకు పక్క గదిలోంచి మా ఆవిడ వచ్చింది. మా తాత చేనులో మా చేతిరాతతో ఉన్నది ఆ సీసా ఒక్కటే. ఆ రోజు దానికి మూత బిగించి లోపల పెట్టిన ఆ పాతికేళ్ల కెమిస్టుకు, అప్పటి నాకు, మాత్రం తాను ఏం దాస్తున్నాడో తెలియదు పాపం, రూలు ప్రకారం పని చేశాననుకుని చేతులు కడుక్కుని, టిఫిన్ తీసుకుని బస్సుకు పరుగెత్తాడు.